రాతలున్నాయి... దారులేవీ?

ఏలూరు : తాడేపల్లిగూడెం చుట్టుపక్కల చెప్పుకోదగ్గ ఉల్లి సాగు లేదు. అయినా ఈ ప్రాంతంలో ఉల్లి అంటే గూడెం మార్కెట్టే గుర్తుకొస్తుంది. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి సరుకు లారీల్లో ఇక్కడికి చేరుతుంది. అమ్మేవాడికి కొనేవాడు దొరుకుతాడన్న నమ్మకమే ఆ మార్కెట్టుకు అసలు పెట్టుబడి. కొల్లేటి చేప సంగతీ అంతే. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి ఐసు వేసుకుని లారీ ఎక్కి హౌరా చేరితేనే డబ్బు. లారీ రాకపోతే ఎంత మంచి చేపైనా గట్టు మీదే పాడవుతుంది.

రాతకూ ఇదే వర్తిస్తుంది. ఇంటర్నెట్‌లో తెలుగు బ్లాగులు మొదలై ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు జేబులో ఫోను ఉంటే చాలు, ఎవరైనా రాయవచ్చు. సొంత బ్లాగు తెరవడానికి పైసా ఖర్చు లేదు. అయితే రాసినవారిలో చాలామంది నాలుగైదు టపాలు పెట్టి, చదివే దిక్కు లేక మానేస్తున్నారు. లోపం రాతలోనే ఉందనుకుంటే పొరపాటు. చాలాసార్లు లోపం దారిలో ఉంటుంది.

పడవెక్కిన పుస్తకాలు

పాఠకుడు తానుగా రాడు, రాతే అతని దగ్గరకు వెళ్లాలన్న సంగతిని తెలుగువారు ఏనాడో గ్రహించారు. గుంటూరు జిల్లా పెదపాలెంలో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం 1935లో పుస్తకాలను పడవకెక్కించారు. కొమ్మమూరు కాలువ వెంబడి ఊరూరా ఆ పడవ ఆగేది. రేవుకొచ్చిన రైతులు, కూలీలు, పడవ ప్రయాణికులు పుస్తకాలు చదువుకునేవారు. కృష్ణను, గోదావరిని కలిపే ఏలూరు కాలువ గట్టున పుట్టి పెరిగినవారికి ఆ పడవ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. జనం ఎటు నడుస్తారో పుస్తకమూ అటే నడిచింది. అదే అందులోని కిటుకు.

లేఖిని వచ్చిన వేళ

కంప్యూటర్‌లో తెలుగు మొదట్లో ముక్కలు ముక్కలుగా ఉండేది. ఒక పత్రిక వాడే ఫాంటు మరో పత్రికకు పనికొచ్చేది కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అక్షరాలకు బదులు పిచ్చి గీతలు కనిపించేవి. వెతికే యంత్రానికి ఆ రాత తెలుగని కూడా తెలిసేది కాదు. అన్నిచోట్లా ఒకేలా చెల్లే యూనికోడ్ అక్షరాలు వాడకంలోకి వచ్చాక ఈ చిక్కు తీరింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ అనే పేరుతో రాసే యువకుడు ‘లేఖిని’ తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాల మీట నొక్కితే తెలుగు అక్షరం పడే సాధనమది. దానితో తెలుగు టైపు నేర్చుకోనివారికీ రాసే వీలు కలిగింది.

ఆయనే అదే కాలంలో ‘కూడలి’ని నిలబెట్టారు. పేరుకు తగ్గట్టే అది నాలుగు రోడ్ల కూడలి. తెలుగు బ్లాగుల్లో ఎవరు కొత్త టపా రాసినా దాని శీర్షిక, మొదటి నాలుగు మాటలు అక్కడ కనిపించేవి. ఇలాంటి వాటికి బ్లాగరులు ‘సంకలిని’ అని పేరు పెట్టుకున్నారు. జల్లెడ, హారం, మాలిక అనే సంకలినులూ వచ్చాయి. అమెరికాలో ఉన్నవారైనా, హైదరాబాదులో ఉన్నవారైనా పొద్దున్నే ఒకసారి ఈ పేజీలు తెరిచి చూసేవారు. నిన్న బ్లాగు తెరిచిన కొత్త మనిషి పేరు కూడా పేరున్న రచయిత పేరు పక్కనే కనిపించేది. గూడెం మార్కెట్టు ఉల్లి పండించనట్టే కూడలి కూడా సొంతంగా ఏమీ రాయలేదు. రాసేవారినీ చదివేవారినీ ఒకచోట కలిపింది.

అచ్చు పత్రికల సాయమూ తక్కువ కాదు. 2006 నవంబరులో ఒక దినపత్రిక ఆదివారం సంచికలో తెలుగు వికీపీడియాపై వ్యాసం రావడంతో ఎందరో కొత్తవారు అటు వచ్చారు. ‘ఈ-తెలుగు’ సంస్థ కార్యకర్తలు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికి కంప్యూటర్‌లో తెలుగు ఎలా రాయాలో చూపించారు. పుస్తకం చదివే అలవాటున్నవాడిని పుస్తకాల దగ్గరే పట్టుకోవాలన్నది వారి ఆలోచన.

సంత ఎత్తేస్తే...

ఆ సందడి ఎక్కువకాలం నిలవలేదు. కొత్త టపాలను ఒకచోట చేర్చి చూపే గూగుల్ రీడర్‌ను ఆ సంస్థ 2013 జులై 1న మూసివేసింది. జనం ఫేస్‌బుక్‌కు, తర్వాత వాట్సాప్‌కు మళ్లారు. కూడలి, హారం వంటివీ ఆగిపోయాయి. సంత ఎత్తేస్తే సరుకు తెచ్చినవాడు ఎక్కడ నిలబడాలి? ఎన్నో మంచి బ్లాగులు రచయితలకు ఓపిక ఉండగానే మూగపోయాయి.

ఫేస్‌బుక్‌లో రాస్తే వెంటనే నలుగురు మెచ్చుకుంటారన్నది నిజమే. వారం తిరిగేసరికి ఆ రాత అడుగున పడిపోతుంది. వాట్సాప్‌లో పంపినది ఆ గుంపు దాటితే ఎవరు రాశారో కూడా తెలియదు. కావలసిన మనిషి రెండేళ్ల తర్వాత వెతికితే ఆ రెండూ దొరకడం కష్టం. బ్లాగులో ఉన్న టపాకు మాత్రం సొంత చిరునామా ఉంటుంది. ఎవరైనా ఎప్పుడైనా అక్కడికి రావచ్చు.

పాఠకుడు వచ్చే దారులు

సంకలినులు బలంగా ఉన్న రోజులు పోయాయి గనుక ఇప్పుడు రాసేవారే దారి వేసుకోవాలి. అందులో మొదటిది వెతుకులాట. ‘మా ఊరి ముచ్చట్లు’ అని శీర్షిక పెడితే వెతికేవాడికి అది తగలదు. ‘కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఎలా వెళ్లాలి’ అని పెడితే జాతరకు వచ్చేవాడే వెతుక్కుంటూ వస్తాడు. ఊరి పేరు, మండలం, సంవత్సరం విధిగా ఉండాలి. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడి, అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఇందులోకి వచ్చింది. తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉంది. పాత పేరుతో వెతికేవారూ ఉంటారు, కొత్త పేరుతో వెతికేవారూ ఉంటారు. కాబట్టి రెండూ రాయడం తెలివైన పని.

రెండోది లంకె. ఒకరి టపాలో మరొకరి టపాకు లంకె ఇవ్వడం, అవతలివారి రాత నిజంగా చదివి వ్యాఖ్య రాయడం. తెలుగు బ్లాగరులు తొలిరోజుల్లో ఒకరికొకరు పాఠకులయ్యారు. వ్యాఖ్య రాసినవాడి పేరు చూసి అతని బ్లాగుకు వెళ్లడం అప్పుడు మామూలు. ‘నా బ్లాగు చూడండి’ అని మాత్రమే రాసి వచ్చేవారిని ఎవరూ పట్టించుకోలేదు.

మూడోది వరస. వారానికి ఒకటైనా, నెలకు ఒకటైనా ఫరవాలేదు, చెప్పిన రోజుకు టపా రావాలి. సంత ఏ రోజో తెలియకపోతే జనం రారు. నాలుగోది చేతిలో ఉండే జాబితా. చదివి బాగుందన్నవారి ఈమెయిలు చిరునామా వారి అనుమతితో రాసిపెట్టుకుని కొత్త టపా రాగానే తెలియజేయాలి. ఏ కంపెనీ ఏ పేజీ మూసేసినా ఆ జాబితా పోదు.

కొల్లేటి కథ ఎవరు చెప్పాలి?

ఇదంతా కాలక్షేపం కోసమే అయితే ఇంత ఆలోచన అక్కరలేదు. 1999లో కొల్లేరును అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం యంత్రాలతో కొట్టించింది. వీటిపై నివేదికలున్నాయి, కోర్టు కాగితాలున్నాయి. ఆటపాక గూడబాతుల ఫొటోలకూ కొదవలేదు. తమ్మిలేరు, బుడమేరు పొంగి సరస్సులోకి నీరు ఎగదన్నినప్పుడు లంకలో బతుకు ఎలా ఉంటుందో, ఉప్పుటేరు ఎప్పుడు లాగుతుందో, ఎప్పుడు లాగదో చెప్పగలిగినవారు మాత్రం ఆ గ్రామాల్లోనే ఉన్నారు. వారి మాట రాతలోకి రాకపోతే, వచ్చినా ఎవరి కంటా పడకపోతే, కొల్లేటి గురించి తీర్పు చెప్పేవారు బయటివారి మాటతోనే చెబుతారు.

రాసేవారికి చేయూతనివ్వడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. జిల్లా గ్రంథాలయాల నోటీసు బోర్డుపై స్థానికుల బ్లాగుల పేర్లు, చిరునామాలతో ఒక కాగితం అంటించవచ్చు. నెలకోసారి కొత్త పేర్లు చేర్చవచ్చు. కళాశాలల తెలుగు శాఖలు విద్యార్థుల చేత ఊరి పెద్దల మాటలు రాయించి, ఆ పేజీల మధ్య లంకెలు వేయించవచ్చు. పత్రిక చదవడానికి రోజూ గ్రంథాలయానికి వచ్చే మనిషి ఆ కాగితం చూసి, ఫోను తీసి పక్క ఊరివాడి టపా తెరిస్తే అతనికి మొదటి పాఠకుడు దొరికినట్టే.