పులస దారియు, చట్టపు గడువును

మన పాతబస్తీ బాలురకు చెరువు తెలియును గాని సముద్రము తెలియదు. వేసవిలో సముద్రపు చేప యేల తగ్గునని మా తరగతిలో నొకడడుగగా, అది దుకాణదారుల మాయయని మఱియొకడు చెప్పెను. మాయ కాదు, చట్టము.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, ఇంజను పడవలు వేటకు బోరాదు. అనేకజాతుల చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. తీరమునుండి 12 నాటికల్ మైళ్లలోపల నధికారము రాష్ట్రముది. ఆంధ్రప్రదేశమున నిందులకు 1994 నాటి చట్టము గలదు. అంతకావల 200 మైళ్లవఱకు కేంద్రముది. ఇరువురును ఒకే దినములందు నిషేధింపనిచో వల ఆ గీటు దాటి పడును. ఆ రెండుమాసములు జాలరి యింట పొయ్యి మండవలెను గదా! ఆంధ్రప్రదేశమున 2019లో కుటుంబమునకు రూ. 10,000గా నున్న భృతి 2025లో రూ. 20,000 అయినది.

ఇంతకంటె పాతది 1897 నాటి భారత మత్స్యచట్టము. నీట మందుగుండు ప్రేల్చియు, విషము కలిపియు చేపలను జంపరాదని యది శాసించెను. నాటి శిక్ష రెండు నెలల చెఱ, లేదా 200 రూపాయల జరిమానా. నేడా రొక్కమునకు పులసతోక యైనను రాదు.

ఆ పులసయొద్దనే యీ గడువుల లెక్క తప్పుచున్నది. సముద్రమున ఇలస యనబడు నీ చేప, గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినపుడు, జూలై మొదలు సెప్టెంబరు వఱకు, గ్రుడ్లు పెట్టుటకై యేటికెదురీది పులస యగును. అప్పటికి నిషేధము తీఱి వలలు మరల నీట నుండును. పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెతను మేమును నవ్వుచు జెప్పినవారమే. వంటకమైనది గ్రుడ్లతో వచ్చు తల్లియని యప్పుడు తలపలేదు. పైగా ధవళేశ్వరమున గోడ యడ్డము. 1852లో కాటన్ దొర ముగించిన ఆనకట్ట, దాని తరువాత వచ్చిన బ్యారేజి, డెల్టాకు అన్నము పెట్టి పులస త్రోవను చాలవఱకు మూసినవి.

ఇదే చేపకు బంగ్లాదేశమున వేఱు నియమము గలదు. అక్టోబరు ప్రాంతమున, అది గ్రుడ్లు పెట్టు దినములను జూచి, 22 దినములు ఇలసవేటయే నిషేధింతురు. నవంబరు మొదలు జూను వఱకు 25 సెంటీమీటర్లకు లోపు పిల్లలను బట్టనీయరు. వేట మానిన కుటుంబములకు బియ్యమిత్తురు. మన గోదావరిలో పులస యెక్కివచ్చు దినములలో యానాము రేవున దానికి వేలము జరుగుచుండును.