గోదారమ్మ దారిలో... గండి పోచమ్మ

లాంచీ ఎక్కేముందు ఓ కొబ్బరికాయ. ‘చల్లగా తీసుకెళ్లి చల్లగా తీసుకురా తల్లీ’ అంటూ ఓ దండం. పాపికొండల ప్రయాణానికి అదే తొలి మజిలీ!

భద్రాచలం దాటి, కూనవరం దగ్గర శబరిని కలుపుకొని అడవుల్లోకి మళ్లే గోదావరి పాపికొండల మధ్య సన్నబడిపోతుంది. ఆ ఇరుకునే ఇక్కడివాళ్లు ‘గండి’ అంటారు. దాన్ని దాటి నది కాస్త ఊపిరి పీల్చుకునేచోట, దేవీపట్నం మండలం గొందూరు ఒడ్డున కొలువుదీరిన తల్లే గండి పోచమ్మ. రాజమండ్రి వైపు నుంచి పాపికొండలకు వెళ్లేవాళ్లు ఆమె దర్శనం చేసుకోనిదే ముందుకు సాగరు. పసుపు, కుంకుమ, చీర, కోడి... ఎవరి మొక్కు వారిది.

నీటి మీద బతికేవారికి ఓ దైవం అండ ఉండటం అన్నిచోట్లా ఉన్నదే. జపాన్‌లోని షికోకు దీవిలో కొంపిరా దేవుడు నావికుల రక్షకుడు. ప్రధాన ఆలయానికి 785 మెట్లెక్కి వెళ్లాలి. పోచమ్మ దగ్గరకు అన్ని మెట్లు అక్కర్లేదు, రేవుకు దగ్గర్లోనే ఉంటుంది.

ఆ రోజు...

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరి వరద మీదుంది. అమ్మవారి రేవు నుంచే బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. నాటుపడవల్లో ముందుగా చేరుకుని వాళ్లను ఒడ్డుకు చేర్చింది కచ్చులూరు గ్రామస్థులే. ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును వెలికితీసింది.

దండంతోపాటు జాగ్రత్తా కావాలని ఆ విషాదం నేర్పింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది బోటింగ్ కంట్రోల్ రూములను ప్రారంభించింది. గండి పోచమ్మ రేవుతోపాటు, భద్రాచలం వైపు వాళ్లు బోటెక్కే పోచవరంలోనూ, పేరంటాలపల్లిలోనూ అవి ఏర్పాటయ్యాయి. 2021 నవంబరులో బోట్లు మళ్లీ కదిలాయి.

అమ్మకూ తప్పని వరద

చిత్రమేమిటంటే, అందరినీ కాచే తల్లి గుడికే మునక తప్పదు. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక వరద రోజుల్లో నీరు వెనక్కి ఎగదన్ని గుడిని ముంచేస్తోంది. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడూ అమ్మవారు జలదిగ్బంధంలోనే ఉంది. నీరు తీశాక ఒండ్రు కడిగి, పసుపు రాసి, మళ్లీ దీపం పెడతారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎందరో పునరావాస కాలనీలకు తరలిపోయినా, మొక్కు తీర్చుకోవడానికి ఈ ఒడ్డుకే వస్తారు.

పాపికొండలు చూడాలనుకునే కుటుంబాలకు కార్తికం నుంచి మాఘం వరకు అనువైన కాలం. అమ్మకు దండం పెట్టండి. ఆ తర్వాత పిల్లల లైఫ్ జాకెట్ల ముడి ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అమ్మ కోరేదీ అదేనేమో!