కస్టమ్ ఫర్మ్‌వేర్ వేస్తే వైఫై బాగవుతుందా? ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

ఈరోజు మన టాపిక్ ఇంట్లో వైఫై రౌటర్. మా ప్రొద్దుటూరు, అంటే కడప జిల్లాది కాదు, శంకర్‌పల్లి దగ్గరిది. ఇటు చేవెళ్ల, అటు మొయినాబాద్. ఊళ్లలో కూడా ఇప్పుడు క్లాసులు, ఇంటర్వ్యూలు, ఆఫీసు పని అన్నీ వైఫై మీదే నడుస్తున్నయి. నెట్ సతాయిస్తే చాలామంది "ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసెయ్, రౌటర్ కొత్తదైపోతది" అని సలహా ఇస్తారు. కొన్నిసార్లు నిజమే. కానీ రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేస్తే, ఉన్న రౌటర్ కూడా పోతది.

తప్పు ఎక్కడుంది?

ముందు ఫైబర్ బాక్స్ చూడండి. ఎల్ఓఎస్ అనే లైట్ ఎర్రగా వెలుగుతుంటే, ఫైబర్ నుంచి సిగ్నలే రావట్లేదు. వైరు ఎక్కడో తెగింది లేదా వంగింది. ఇంటర్నెట్ వాళ్లకి ఫోన్ చేయండి. ఏ ఫర్మ్‌వేర్ కూడా దీన్ని బాగుచేయలేదు.

లైట్లు బాగానే ఉంటే, ఫోన్లో ఏదైనా పింగ్ యాప్ వేసుకోండి. మీకు ప్రాబ్లమ్ వచ్చే గదిలోనే కూర్చుని రెండు అడ్రస్‌లకి పింగ్ కొట్టండి. ఒకటి మీ రౌటర్‌ది, రెండోది 8.8.8.8.

రౌటరే లేటుగా జవాబిస్తుంటే, ప్రాబ్లమ్ మీ గదికీ రౌటర్‌కీ మధ్యలో ఉంది. అంటే గోడలు, స్లాబు, లేదా పక్కింటి వైఫై. రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి ఎత్తులో పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి. దీనికి కంపెనీ ఫర్మ్‌వేరే చాలు.

రౌటర్ వెంటనే జవాబిచ్చి, 8.8.8.8 మాత్రం లేటైతే, అది లైన్ సమస్య కావచ్చు, లేదా బఫర్‌బ్లోట్ కావచ్చు. బఫర్‌బ్లోట్ అంటే ఏంటంటే, ఇంట్లో ఒకరు పెళ్లి వీడియోలు క్లౌడ్‌లోకి అప్‌లోడ్ పెట్టారు. మార్కెట్ యార్డు గేటు దగ్గర ట్రాక్టర్లు లైను కట్టినట్టు ఆ డేటా అంతా లైనులో నిలబడుతుంది. మీ వీడియో కాల్ చిన్న బైక్ లాంటిది, అది కూడా ఆ ట్రాక్టర్ల వెనకే ఆగుతుంది. స్పీడ్ టెస్ట్‌లో మాత్రం స్పీడ్ బాగానే కనిపిస్తది.

కస్టమ్ ఫర్మ్‌వేర్ ఇక్కడ పనికొస్తది

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఎస్‌క్యూఎమ్ అనే ప్యాకేజీ ఉంది. మీకొచ్చే స్పీడ్‌లో 85 నుంచి 90 శాతం దాంట్లో సెట్ చేయండి. అప్పుడు లైను మీ రౌటర్ చేతిలో ఉంటది, బైక్‌కి దారి ఇస్తది. కొంచెం స్పీడ్ తగ్గుతుంది, కాల్ మాత్రం ఆగదు.

ఇంకో లాభం సెక్యూరిటీ. కంపెనీలు కొన్నేళ్లకి పాత మోడల్స్‌కి అప్‌డేట్లు ఆపేస్తయి. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 5 లక్షల రౌటర్లు, స్టోరేజ్ బాక్సుల్లోకి దూరింది. అప్‌డేట్ లేని రౌటర్ తాళం లేని తలుపే.

అసలు ఇదెలా పుట్టిందంటే, లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌లో లినక్స్ ఉందని తేలింది. లినక్స్ లైసెన్స్ ప్రకారం 2003లో దాని సోర్స్ కోడ్ బయటపెట్టాల్సి వచ్చింది. ఆ కోడ్ మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. పేరులో డబ్ల్యూఆర్‌టీ అక్కడి నుంచే వచ్చింది.

వేసే ముందు

ఒకటి, రౌటర్ కింద స్టిక్కర్ మీద వెర్షన్ నంబర్ చూడండి. మోడల్ పేరు ఒకటే అయినా వీ2, వీ3 లోపల వేరే చిప్‌లు ఉంటయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైట్‌లో అదే వెర్షన్ ఉంటేనే ముందుకెళ్లండి.

రెండు, మెమరీ. మన ఇళ్లల్లో బాగా కనిపించే టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ చాలా వెర్షన్లలో ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ మాత్రమే. ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి అది చాలదు. ఫ్లాష్ 16, ర్యామ్ 128 ఉంటే నిశ్చింత.

మూడు, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్స్‌ని ముట్టుకోకండి. అది వాళ్లది. దాని వెనక మీరు కొనుక్కున్న రౌటర్ మీదే ప్రయోగం.

నాలుగు, ల్యాన్ కేబుల్‌తోనే చేయండి, వైఫైలో కాదు. రౌటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టండి. ఫైల్ ఎక్కుతుండగా కరెంటు పోతే రౌటర్ ఇటుకే. కంపెనీ ఒరిజినల్ ఫైల్, రికవరీ పద్ధతి నెట్ ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ పోయాక వెతకడానికి నెట్ ఉండదు కదా!

మొదటిసారి వేసేటప్పుడు ఫ్యాక్టరీ అని ఉన్న ఫైల్ వాడాలి. సిస్‌అప్‌గ్రేడ్ అని ఉన్నది మామూలుగా తర్వాతి అప్‌డేట్లకి.

వేశాక వచ్చే తిప్పలు

"వైఫై పేరే కనిపించట్లేదు, రౌటర్ చచ్చిపోయింది!" చావలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మామూలుగా వైఫై ఆఫ్‌లోనే వస్తది. కేబుల్ పెట్టి 192.168.1.1 తెరవండి. యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఖాళీ. ముందు పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత వైఫై ఆన్ చేసి, దేశం ఇండియా అని పెట్టండి.

"వైఫై ఉంది, నెట్ లేదు." ఫైబర్ బాక్స్ అడ్రస్ కూడా 192.168.1.1 అయ్యుంటది. ఒకే వీధిలో రెండు ఇళ్లకి ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు. మీ రౌటర్‌ది 192.168.10.1కి మార్చండి. మార్చాక 90 సెకన్లలో కొత్త అడ్రస్‌లో తెరవకపోతే అది పాత సెట్టింగ్‌కే వెళ్లిపోతది, కంగారుపడకండి.

"5 గిగాహెర్ట్జ్ రావట్లేదు." 52 నుంచి 144 వరకు ఛానెళ్లలో రౌటర్ ముందు రాడార్ ఉందేమో వినాలి. కనీసం ఒక నిమిషం ఆగండి, లేదా ఛానెల్ 36 పెట్టండి.

సెట్టింగ్ మార్చి లోపలికే వెళ్లలేకపోతే ఫెయిల్‌సేఫ్ ఉంది. ఆన్ చేయగానే లైట్ మినుకుమినుకుమనేటప్పుడు రీసెట్ బటన్ నొక్కితే, తప్పు సెట్టింగ్‌లని పక్కనపెట్టి తెరుచుకుంటది. అది కూడా రాకపోతే, చాలా మోడల్స్‌కి టీఎఫ్‌టీపీ అనే దారి ఉంటది. కేబుల్‌తో ల్యాప్‌టాప్ నుంచి ఒరిజినల్ ఫైల్ మళ్లీ ఎక్కించొచ్చు.

చివరిగా ఒక్కమాట. ఇంట్లో ఉన్నది ఒక్కటే రౌటర్, రేపు పొద్దున చెల్లికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే, ఈ రాత్రి ఫ్లాష్ చేయకండి. మూలన పడున్న పాత రౌటర్ సపోర్ట్ లిస్టులో ఉంటే దాని మీద నేర్చుకోండి. పింగ్ టెస్ట్ మాత్రం ఇప్పుడే చేయండి, దానికి రూపాయి ఖర్చు లేదు.