బేస్ గిటార్ తీగ ఎత్తు ఎంతుండాలి?

నెల్లూరు తీరంలో బేస్ గిటార్ తీగల ఎత్తును ఒక్కసారి సరిచేసి వదిలేస్తే చాలదు. మైపాడు, కృష్ణపట్నం వైపు గాలిలో తేమ ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. తేమకు చెక్క ఉబ్బి మెడ వంపు మారుతుంది, దాంతో తీగల ఎత్తూ మారుతుంది. ఫెండర్ సంస్థ చాలా మోడళ్లకు 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగకు సుమారు 2.4, సన్న తీగకు 2 మిల్లీమీటర్లు సూచిస్తుంది. మొదలుపెట్టడానికి మంచి కొలతే, కానీ అదే శాసనం కాదు.

ఎత్తు ఎక్కువుంటేనే నాదం నిండుగా ఉంటుందంటారు కొందరు. గట్టిగా మీటేవారి విషయంలో అందులో నిజముంది. తక్కువైతే తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది. కానీ వేళ్లు నొప్పెట్టే ఎత్తులో సాధన సాగదు, బలంగా నొక్కాల్సి వచ్చి శ్రుతి కూడా పెరుగుతుంది. అందుకే ముందు మెడ వంపు చూసుకోండి, తర్వాత బ్రిడ్జి మరలు కొద్దికొద్దిగా తిప్పండి. మీరు మీటే బలానికి గరగర రాని కనిష్ఠ ఎత్తే మీకు సరైనది.