ట్రైలర్ మీది ఏసీ: కెపాసిటర్ మార్చే ముందు వోల్టేజీ చూడండి

ఎపిసోడ్ విన్నాక మనవాళ్లు ఎక్కువగా అడిగింది ఒకటే: "అన్నా, ట్రైలర్ పైన ఏసీలో ఫ్యాన్ తిరుగుతోంది గానీ చల్లగాలి రావట్లేదు. కొత్తది కొనేయాలా?" మైక్ ముందు హడావుడిగా చెప్పినదాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నా. నేను గుంటూరులో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను. ఇప్పుడు నేపర్‌విల్‌లో ఉంటూ చుట్టుపక్కల కన్‌స్ట్రక్షన్ సైట్లలో సూపర్‌వైజర్ పని చేస్తున్నా. ఏసీ మెకానిక్‌ని కాదు. కాకపోతే నా ఏసీని నా చేతులతోనే చంపుకున్నా కాబట్టి, చెప్పడానికి ఆ అర్హత చాలనుకుంటున్నా.

పోయిన జులైలో మా అమ్మ వచ్చింది. వయసు 71, బీపీ మాత్రలు వేసుకుంటుంది. సెకండ్ హ్యాండ్ ట్రైలర్‌లో అందరం నది పక్కన క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లాం. రాత్రి పదకొండుకి ఏసీ 'హుమ్' అని మూలిగి ఆగిపోయింది. "రోహిణి కార్తె చూసినదాన్నిరా, ఈ ఎండ నాకో లెక్కా? పడుకో" అంది అమ్మ. కానీ గుంటూరు ఇంటికి వరండా ఉంది, ఎదురెదురు కిటికీలున్నాయి. ఇది రేకు డబ్బా. పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. తెల్లారి లేచి నిలబడబోయి అమ్మ తూలిపడింది. కారులో ఏసీ వేసి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ఇంటికి తీసుకొచ్చేశాం. దేవుడి దయవల్ల అంతటితో పోయింది. 1995 జులైలో మన పక్కనే షికాగోలో వచ్చిన వడగాలికి 700 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లే. అందుకే ఏసీ ఆగితే "పొద్దున చూద్దాంలే" అనొద్దు. పెద్దవాళ్లుంటే ఆ రాత్రే కదలండి.

ఇక పనిలోకి వద్దాం.

మొదట చూడాల్సింది వోల్టేజీ. ఏసీ నడుస్తుండగా ట్రైలర్ లోపలి ప్లగ్‌లో మీటర్ పెట్టండి. ఇక్కడ ఉండాల్సింది 120 వోల్టులు. 108 కంటే తగ్గితే ఏసీ ఆపేయండి. నేను చేసిన తప్పు ఇక్కడే. బయల్దేరే ముందు వారం, ట్రైలర్ చల్లబడాలని గ్యారేజీ ప్లగ్ నుంచి 100 అడుగుల ఆరెంజ్ ఎక్స్‌టెన్షన్ తీగ లాగి రోజూ నడిపించా. అది 16 గేజ్ తీగ. పోను రాను 200 అడుగులు, అంటే సుమారు 0.8 ఓమ్. ఏసీ నడిచేటప్పుడు 14 ఆంపియర్లు లాగితే దారిలోనే 11 వోల్టులు పోతాయి. స్టార్టయ్యే క్షణంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, అప్పుడు 40 వోల్టుల దాకా పోతాయి. వోల్టేజీ తగ్గినకొద్దీ కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి, కాయిల్ వేడెక్కి, లోపల ఇన్సులేషన్ మాడుతుంది. సైట్లో కుర్రాళ్లు సన్న తీగకి పెద్ద మిషన్ తగిలిస్తే నేనే కేకలేస్తా. ఇంటి దగ్గర మాత్రం అదే పని చేశా.

రెండోది గాలి. ఫిల్టర్ మూసుకుపోయినా, లోపలి కాయిల్ దుమ్ము పట్టినా గాలి తగ్గి మంచు పేరుకుంటుంది. ఇంకోటి చాలామంది చూడరు: సీలింగ్ మూత తీస్తే, చల్లగాలి వెళ్లే గదికీ వెనక్కి వచ్చే గాలి గదికీ మధ్య ఒక అడ్డు ఉంటుంది. దానికి సందు ఉంటే చల్లగాలి గదిలోకి రాకుండా తిరిగి మిషన్‌లోకే పోతుంది. అల్యూమినియం టేపుతో సందులు మూస్తే సరిపోయే కేసులు ఎన్నో. పావుగంట నడిపి, లోపలికి పీల్చే గాలి, బయటికి వదిలే గాలి రెండూ థర్మామీటర్‌తో కొలవండి. తేడా 15 నుంచి 20 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే మిషన్ బాగానే ఉన్నట్టు.

మూడోది కెపాసిటర్. కంప్రెసర్ 'హుమ్' అని మూలిగి, క్లిక్ మని ఆగుతుంటే ముందు అనుమానం దీని మీదే. థర్మోస్టాట్ ఆపితే చాలదు, బయట ప్లగ్ పీకేయాలి. పీకాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది. 20,000 ఓముల రెసిస్టర్‌ని టెర్మినల్స్ మధ్య కొన్ని సెకన్లు పెట్టి, మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. నాదాని మీద 40 మైక్రోఫారడ్ అని రాసి ఉంది, మీటర్‌లో 29 చూపించింది. మార్చాను, రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు ఆన్ చేయగానే బ్రేకర్ పడిపోయింది.

నాలుగోది కంప్రెసర్. చల్లారాక తీగలు విప్పి మూడు టెర్మినల్స్ కొలవండి. కామన్-రన్ మధ్య అన్నిటికంటే తక్కువ, కామన్-స్టార్ట్ మధ్య ఎక్కువ, రన్-స్టార్ట్ మధ్య ఆ రెండిటి మొత్తం రావాలి. ఏ టెర్మినల్ నుంచి బాడీకి కొలిచినా కరెంటు దారి ఉండకూడదు. నాకు ఉంది. అంటే ఇన్సులేషన్ మాడి కాయిల్ బాడీకి తగిలిందన్నమాట. ఇక బాగుచేసేది లేదు.

"గ్యాస్ కొట్టిస్తే?" అని అడుగుతారు. ఈ మిషన్లు చాలావరకు ఫ్యాక్టరీలో సీలు చేసినవి, గ్యాస్ ఎక్కించే వాల్వే ఉండదు. పైగా అమెరికాలో గ్యాస్ ముట్టుకోవాలంటే ఈపీఏ 608 సర్టిఫికెట్ కావాలి, గాల్లోకి వదలడం చట్టరీత్యా నేరం. పాతదాన్ని పారేసేటప్పుడు కూడా గ్యాస్ తీసుకునేవాళ్లకే అప్పగించండి.

కొత్తది పెట్టడం భయపడేంత పని కాదు. పైకప్పు రంధ్రం దాదాపు అన్ని బండ్లలో 14 అంగుళాల చదరమే, కాబట్టి డొమెటిక్ తీసి కోల్‌మన్ పెట్టొచ్చు. కానీ పై భాగం, సీలింగ్ భాగం, థర్మోస్టాట్ ఒకదానికొకటి సరిపోయేవే కొనాలి. 30 ఆంపియర్ల బండికి 13,500 బీటీయూ అయినా 15,000 అయినా ఒకటే నడుస్తుంది. దానికి విడిగా 20 ఆంపియర్ల బ్రేకర్, 12 గేజ్ తీగ ఉండాలి.

మిషన్ బరువు 100 పౌండ్లకి అటూ ఇటూ. ఒక్కడే భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కకండి. మా సైట్లో 6 అడుగులు దాటితే పడిపోకుండా రక్షణ ఉండాలనేది ఓషా నిబంధన. ట్రైలర్ పైకప్పు 10 అడుగులకి పైనే. మేం రెండు నిచ్చెనలు వాలుగా కట్టి, పైన ఇద్దరు తాడుతో లాగాం, కింద ఎవరినీ నిలబడనివ్వలేదు.

పాత గ్యాస్కెట్ మొత్తం గీకేసి, కొత్తది రంధ్రం చుట్టూ సరిగ్గా అమర్చండి. దానికి సిలికాన్ పూయొద్దు. నాలుగు బోల్టులూ కారు చక్రం బిగించినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. గ్యాస్కెట్ సుమారు అర అంగుళానికి నలిగితే చాలు. మరీ బిగిస్తే పైకప్పు వంగి నీళ్లు నిలుస్తాయి. తర్వాత హోస్‌తో నీళ్లు కొట్టి, లోపల చెమ్మ ఉందేమో చూడండి.

ఇంకొక్క మాట, ఇది ప్రాణాల మీదది. ఇంటి దగ్గర ట్రైలర్‌కి 30 ఆంపియర్ల ప్లగ్ పెట్టించేటప్పుడు, అది 120 వోల్టులదని ఎలక్ట్రీషియన్‌కి ఒకటికి రెండుసార్లు చెప్పండి. చూడ్డానికి డ్రయ్యర్ ప్లగ్‌లా ఉంటుంది, దానికి మల్లే 240 ఇచ్చేస్తే ట్రైలర్‌లో సామానంతా ఒక్క క్షణంలో మాడిపోతుంది. 230 వోల్టుల ఊళ్ల నుంచి వచ్చిన మనకి ఆ పొరపాటు ఇంకా తేలిక. తగిలించే ముందు మీటర్ పెట్టి చూడండి.

నాకు కెపాసిటర్ ఇరవై డాలర్లయింది, కొత్త ఏసీ వెయ్యి దాటింది. మందపాటి 10 గేజ్ తీగ ముందే కొనుంటే ఆ వెయ్యీ మిగిలేది. ఆగస్టులో మళ్లీ వెళ్లాం. అర్ధరాత్రి అమ్మ లేపింది. "ఏరా, చలేస్తోంది, కాస్త తగ్గించు" అంది. అంత ఆనందంగా నేనెప్పుడూ నిద్ర లేవలేదు.