పడిలేచిన బండిని తొందరపెట్టకండి

తొలకరి జల్లు పడిన నాడు సూరత్ నగరంలో మోటారు సైకిల్ నడపడానికి నేర్పు కావాలి. రోడ్డు మీది దుమ్ము, నూనె మరకలు తడిసి జారుడు పూతగా మారతాయి. ఉధనా, లింబాయత్ ప్రాంతాలలో మరమగ్గాల పాళీ మారే వేళ, మలుపులో ఒక బండి జారి పక్కకు ఒరగడం వింత కాదు. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చి ఇక్కడ స్థిరపడిన నేత కార్మికులలో ఎందరికో బండి లేనిదే పని సాగదు. అది మూలపడితే ఆనాటి కూలి పోయినట్లే. అందుకే పడినవాడు లేస్తూనే కిక్ కొట్టబోతాడు. సరిగ్గా ఆ క్షణంలోనే ఆగవలసి ఉంది.

స్వల్ప ప్రమాదంలో ఇంజిన్ లోపలి భాగాలు దెబ్బతినడం అరుదు. కాని కారిపోయిన ఆయిల్‌ను గమనించక నడిపితే, పడినప్పుడు చెడని ఇంజిన్ ఆ తరువాత చెడుతుంది. 100 సీసీ తరగతి బండిలో ఉండే ఆయిల్ సుమారు ఒక లీటరే. అది తరిగితే పిస్టన్, సిలిండరు ఒరుసుకొని బిగుసుకుపోతాయి.

మొదట తాళంచెవి తిప్పి ఆపండి. మీకు తగిలిన దెబ్బలు చూసుకోండి. పెట్రోలు కారుతుంటే దరిదాపుల్లో అగ్గిపుల్ల గీయనీయకండి. తరువాత బండిని సమతలంలో నిటారుగా నిలిపి, కొన్ని నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూడండి. గేరు రాడ్డు వంగి ఇంజిన్ కవరుకు తగిలిందా? కవరు చిట్లి నూనె చెమరుస్తోందా? అట్లయితే స్టార్ట్ చేయక, మెకానిక్ దగ్గరకు నెట్టుకొని వెళ్లడమే లాభం.

ఆయిల్ సరిగా ఉండి, సెల్ఫ్ నొక్కినా చప్పుడు లేకపోతే, హ్యాండిల్ మీది ఇంజిన్ ఆపే స్విచ్ పడినప్పుడు నొక్కుకుపోయిందేమో చూడండి. క్లచ్ లీవరు, సైడు స్టాండు దగ్గరి స్విచ్‌లు దెబ్బతిన్నా ఇదే లక్షణం. ఇంజిన్ తిరుగుతున్నా అంటుకోకపోతే, ఒరిగిన కార్బొరేటరు నుండి పెట్రోలు అధికంగా చేరి ప్లగ్ తడిసి ఉంటుంది. పావుగంట ఆగి, చోక్ వాడకుండా, యాక్సిలేటరు పూర్తిగా తిప్పి నాలుగైదు కిక్‌లు కొడితే సాధారణంగా సర్దుకుంటుంది. కిక్ రాడ్డు దిగకుండా మొరాయిస్తే మాత్రం బలవంతం కూడదు. సిలిండరులోకి ద్రవం చేరి ఉండవచ్చు. అప్పుడు ప్లగ్ విప్పించి చూపించాలి.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఆ తరువాత తయారైన బండ్లలో అధికభాగానికి కార్బొరేటరు లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వీటిలో అనేకం, బండి ఒరగగానే దానిని గుర్తించి ఇంజిన్‌ను ఆపివేస్తాయి. నిటారుగా నిలిపి, తాళంచెవి ఒకసారి మూసి తెరిస్తే చాలు. ఈ సంగతి తెలియక, చెడని బండిని చెడిందనుకొని కంగారుపడేవారు ఉన్నారు.

నేతగాడికి ఈ ఏర్పాటు కొత్త కాదు. పేక పోగు తెగగానే మరమగ్గం తనంతట ఆగేటట్లు అమర్చి ఉంటుంది. తెగిన కొస వెదికి సరిచేసిన తరువాతే అతడు మగ్గాన్ని మళ్లీ నడుపుతాడు. లేకుంటే బట్ట పాడవుతుందని అతనికి తెలుసు.

స్టార్ట్ అయిన తరువాత కూడా ఒక నిమిషం చెవి పెట్టి వినండి. సిలిండరులోకి పాకిన ఆయిల్ కాలి నీలి పొగ కొద్దిసేపు రావచ్చు. అది తగ్గకపోయినా, లోపల టకటక చప్పుడు వినిపించినా వెంటనే ఆపండి. యాక్సిలేటరు వదిలినా వేగం తగ్గకపోతే, తీగ ఎక్కడో ఇరుక్కున్నదని గ్రహించండి. హ్యాండిల్, బ్రేకులు సరిచూసిన పిమ్మటే రోడ్డెక్కండి. ఈ పరీక్షకు పట్టేది పావుగంట. బిగుసుకుపోయిన ఇంజిన్ విప్పి బాగుచేయించడానికి రోజుల కూలి సరిపోదు.