బురదలో బండి నడవాలంటే...

మన హాస్టల్లో ట్రాక్టరు డ్రైవర్ల పిల్లలం, కూలీల పిల్లలం ఎక్కువ. అయినా దమ్ము చేసే ట్రాక్టరు బురదలో ఎలా నడుస్తుంది, వడ్ల కోసం వచ్చిన లారీ పుంతలో ఎందుకు దిగబడుతుంది అని మనం పెద్దగా ఆలోచించం. జవాబు మన భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది.

బరువును వైశాల్యంతో భాగిస్తే వచ్చేది పీడనం. బురదలో మడమ మీద నిలబడితే కాలు దిగిపోతుంది. అక్కడే చెక్కబల్ల వేసి నిలబడితే దిగదు. బరువు అదే, ఆనిన చోటు పెరిగింది. లారీ టైరు సన్నం, అందులో గాలి 100 పౌండ్ల దాకా ఉంటుంది. ట్రాక్టరు వెనుక టైరు వెడల్పు, పొలంలో గాలి సుమారు 12 నుంచి 15 పౌండ్లే. పైగా దాని ఎత్తయిన గట్లు మట్టిని పట్టి నెడతాయి. బాపట్ల తీరంలోని ఇసుకలోనూ సూత్రం ఇదే.

తెనాలి, రేపల్లె వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. టైరు గట్ల మధ్య మట్టి నిండితే పట్టు పోతుంది. అందుకే దమ్ముకు ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. వాటి పట్టీల సందుల్లోంచి బురద జారిపోతుంది. అయితే ఇవి తారురోడ్డును చీల్చేస్తాయి. ట్రక్కులో వేసుకెళ్లి పొలం దగ్గరే బిగించుకోవాలి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్ల పాలైంది. అలాంటి చేలో టైర్ల కోతమిషను దిగబడుతుంది. చైను మిషను నడుస్తుంది. చైను పొడవునా బరువు పంచుకోవడమే కారణం.

మన మిత్రులు కొందరు సైన్యంలో చేరి లడఖ్ వైపు లారీలు నడపవచ్చు. అక్కడ మంచు మీద చక్రం జారుతుంది. ఇంజను తిప్పే చక్రాలకు ఇనుప గొలుసులు చుడతారు, మంచు లేని రోడ్డు రాగానే తీసేస్తారు. చలికి మామూలు డీజిలు గడ్డకడుతుంది కనుక 2019లో ఇండియన్ ఆయిల్ లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిలు తెచ్చింది.

ఇక అసలు విషయం. ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రేసు ఇవ్వకూడదు, గొయ్యి లోతవుతుంది. డిఫరెన్షియల్ లాక్ వేస్తే రెండు వెనుక చక్రాలూ కలిసి తిరుగుతాయి. నేరుగా వెళ్లేటప్పుడే వేయాలి, మలుపులో తీసేయాలి. దిగబడిన ట్రాక్టరు వెనుక చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగించడం ప్రాణాంతకం. చక్రం తిరగలేకపోతే ఇంజను బలానికి ముందుభాగమే పైకి లేస్తుంది. క్షణంలో వెనక్కి తిరగబడి డ్రైవరు కింద పడతాడు. లోడు దించి, చక్రాల వెనుక మట్టి తవ్వి, వెనక్కి తీయడం మంచిది. వేరే బండితో లాగిస్తే గొలుసును కింది డ్రాబారుకే కట్టాలి, పక్కన ఎవరూ నిలబడకూడదు.

మిత్రులారా! పుస్తకంలో పీడనం మీద వచ్చేది రెండు మార్కుల ప్రశ్న. ఇంటి దగ్గర అది నాన్న ప్రాణం. సెలవులకు వెళ్లినప్పుడు దుంగ సంగతి ఒక్కటైనా చెబుదాం.